ముందర బండి

ఈ కేసు ఒప్పుకోకుండా ఉండవలసిందని డిటెక్టివ్ వెంకటగిరియప్ప ఆ గురువారం మధ్యాహ్నం హలసూరు సందులో ఆటో దిగుతూనే అనుకున్నాడు. నిజానికి ఆయన ప్రతి కేసుకూ ఇలాగే అనుకుంటాడు. పోలీసు శాఖలో కొన్నేళ్ళు, ఆ తరవాత సొంత ఆఫీసులో కొన్నేళ్ళు, చావు జరిగిన ఇళ్ళ చుట్టూ తిరగడంతోనే జీవితం గడిచిపోయింది. మోకాళ్ళు వాచాయి. రాత్రి నిద్ర పట్టదు, పట్టినా చచ్చినవాళ్ళు వచ్చి కుశలమడుగుతారు. బోర్డు పీకేసి ఇంట్లో కూర్చుందామనుకుంటూనే పొద్దున ఆఫీసు తాళం తీయబోతే మెట్ల మీద సుశీల కూర్చుని ఉంది.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఎప్పుడో అయిపోయినట్టుంది. మంగళవారం సాయంత్రం ఆమె తండ్రి గోపాలప్పను ఎవరో తల వెనక మోది చంపారు. బుధవారం దహనం అయింది. చితి సరిగా చల్లారకముందే, గురువారం తెల్లవారుతూనే, ఆమె భర్త నాగరాజును పోలీసులు పట్టుకుపోయారు. మామను చంపింది అల్లుడేనని ఇన్‌స్పెక్టర్ వెంకటరమణ తేల్చి పారేశాడు. రేపు పొద్దున కోర్టులో నిలబెడతారట.

“మా నాయన్ని తెచ్చియ్యమని అడగను సార్,” అంది సుశీల. “నాయన పోయినాడు. మా ఆయన్నన్నా నాకు మిగిలించండి.”

 ఆ మాట కోసమే గిరియప్ప వచ్చాడు.

గోపాలప్ప ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. మిద్దె మీద హాలంతా బల్లలు వేసి, వాటి మీద పట్టాలు పరిచి, జానెడు పొడుగు ఇంజన్లతో రైళ్ళు నడిపేవాడు. వాటిని బొమ్మ రైళ్ళని ఎవరైనా అంటే ముఖం మాడ్చుకునేవాడు. రోజూ సాయంత్రం మొదట మెయిలు బండి, అది షెడ్డు చేరాక గూడ్సు. పండగైనా, జ్వరమైనా ఆ వరస తప్పేది కాదు. కింద ఉండే ఆయన చెల్లెలు పాపక్క దీపం పెట్టడం, పాలు కాచడం అన్నీ మిద్దె మీది చప్పుళ్ళను బట్టే చేసుకునేది.

గిరియప్ప మొదట ఆవిడ దగ్గరికే వెళ్ళాడు. పాపక్క వంటింట్లో చల్లారిన పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. చూపు దాదాపు పోయింది. పక్కింటివాళ్ళు తెచ్చిన అన్నం మూత తీయకుండా అలాగే ఉంది. ఈయన గడప దాటగానే తల తిప్పి, కాలు ఈడుస్తా ఉండావు, మోకాలి నొప్పా అని ఆవిడే ప్రశ్న వేసింది.

“కండ్లు పోతే పోనీప్పా, చెవులు ఉండాయి కదా. పైన చక్రం తిరిగేదాన్ని బట్టి ఏ బండో చెప్పేస్తాను,” అంది.

మంగళవారం సంగతి ఆవిడ తడుముకోకుండా చెప్పింది. సాయంత్రం నాగరాజు వచ్చాడు. మామకూ అల్లుడికీ మాటా మాటా పెరిగింది. ఇద్దరూ కూర్చుని తయారుచేసిన ఏదో బోర్డు, ఇంజన్లలో పెట్టేది, దాన్ని బొంబాయి కంపెనీకి ఇద్దామని అల్లుడు, ఇవ్వనని మామ. ఆ గలాటె ఆ ఇంట్లో పాతదే. మెయిలు ఇంకా తిరుగుతుండగానే నాగరాజు కిందికి దిగి, పోయొస్తా అత్తా అని చెప్పి వెళ్ళిపోయాడు. సందు మొగలో ఇస్త్రీ బండి పెట్టుకునే సొన్నప్ప కూడా అతను బస్సెక్కడం చూశాడట.

“ఆమీద?” అన్నాడు గిరియప్ప.

“ఆమీద ఏముండాదప్పా. ముందర బండి తిరిగేటప్పుడు అన్న మాట్లాడినాడు. అంతే, మళ్ళ మాట లేదు. బండి నిలిచిపాయ. కొంచేపటికి గడగడా అని పోయినాది. మా అన్న ఎప్పుడూ అంత జోరుగా తోలేవాడు కాదు. దబ్బుమని చప్పుడాయ. తిట్టుకుంటా సరిచేసుకుంటాడులే అని నేను పాలు దించుకుంటిని.”

   గిరియప్ప మెల్లగా, అన్న ఏమని మాట్లాడాడని అడిగాడు. ఆ ప్రశ్న పోలీసులెవరూ అడగలేదంది పాపక్క. కళ్ళు మూసుకుని అన్న మాటను అన్న గొంతుతోనే చెప్పింది.

“‘ఒకటొకటే కాదు, ఇప్పుడు రెండూ ఒకేతూరి తోలతా, చూడు’ అన్న్యాడు. సంతోషంగా అన్న్యాడప్పా. సంతోషంగా ఉండేవాణ్ణి ఎవురికప్పా కొట్టబుద్ధవుతాది?”

ఎవరితో అన్నాడో ఆవిడకు తెలియదు. దానికి ఎవరో ‘హూఁ’ అన్నారట, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుగా. సందు వైపు ఇనప మెట్ల మీదుగా పైకి వచ్చేవాళ్ళు కిందివాళ్ళ కంటబడరు, చెవినా పడరు.

గిరియప్పకు ఒకటి మాత్రం అంతుపట్టలేదు. పాపక్క ఇంత స్పష్టంగా చెప్తుంటే వెంకటరమణ ఏ ధైర్యంతో అల్లుణ్ణి పట్టుకుపోయాడు? చేతిలో ఇంకేదో ముక్క దాచుకుని ఉంటాడులే అని సరిపెట్టుకున్నాడు. ఆలోచించే ఓపిక లేనప్పుడు మనిషి ఎదుటివాడికి తెలివి అంటగట్టి ఊరుకుంటాడు.

బయట అరుగు మీద కృష్ణప్ప కూర్చుని ఉన్నాడు. గోపాలప్పకు చిన్ననాటి స్నేహితుడు, ఎలక్ట్రికల్ సామాన్ల షాపు యజమాని, నలగని తెల్ల చొక్కా మనిషి. ఇద్దరూ కలిసి ఆ మిద్దె మీద మొదటి పట్టాలు పరిచినవాళ్ళే. తరవాత, అల్లుడొచ్చాక గోపాలప్ప కృష్ణప్పను పక్కన పెట్టాడని మాట పట్టింపు వచ్చి, రెండేళ్ళుగా రాకపోకలు లేవు. చావు కబురు విని మనసు ఆగక వచ్చానని, పాపక్కను ఈ ఇంట్లో ఉంచడం ఇష్టం లేక సర్జాపుర దగ్గరి తన తోట ఇంటికి తీసుకుపోదామనుకుంటున్నానని ఆయనే చెప్పాడు. ఇన్‌స్పెక్టరును అడిగాడట, తీసుకువెళ్ళమన్నాడట. గిరియప్ప కూడా మంచిదేనన్నాడు. ఆ వంటింట్లో ఆ చల్లని పొయ్యి ముందు ఆవిడ అలా కూర్చుని ఉండటం ఆయనకూ చూడబుద్ధి కాలేదు.

మెట్ల వైపు కదలబోతూ గిరియప్ప, మనిషి లేకుండా ఈ బండ్లు ఎలా తిరుగుతాయని ఊరికే అడిగాడు.

“దానిదేముండాదప్పా,” అన్నాడు కృష్ణప్ప. “నాబు తిప్పి వదిలేసి పోయింటాడు అల్లుడు. దానంతట అది తిరగతా ఉంటాది. నేను ఆ మిద్దె ఎక్కి రెండేండ్లాయ, కానీ అది మర్చిపోయే పనా?”

గిరియప్ప తలూపి మెట్లెక్కాడు. మోకాళ్ళు ఒక్కో మెట్టుకూ ఒక్కో మాట అంటున్నాయి. దాంతో వేరే మాటలేవీ తలలోకి పోలేదు.

పైన సుశీల హాలు తలుపు తీసి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ వెంకటరమణ అప్పటికే కిటికీ దగ్గర ఉన్నాడు. వయసు నలభై లోపే. వాళ్ళ తాత గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఇప్పటికీ కృష్ణ నీళ్ళతో కడిగినట్టుంటుందని ఆయనకు గర్వం. స్టేషన్లో కన్నడం, ఇంట్లో తెలుగు, రెండూ ఒకదానికొకటి అంటుకోకుండా వేరువేరు అరల్లో పెట్టుకున్నవాడు.

“ఇంకా రిటైరవలేదా గిరియప్పగారూ?” అన్నాడు. “మిమ్మల్ని చూస్తే నాకే ఆయాసంగా ఉంది.”

“నాకూ అంతే సార్. మిమ్మల్ని చూసినప్పుడల్లా బేజారవుతాది. ఏం చేసేది, ఇద్దరికీ ఇదే పని.”

వెంకటరమణ నవ్వాడు. మీది తెలుగో కన్నడమో ఇప్పటికీ తేలదండీ అన్నాడు. వీళ్ళిద్దరి మధ్య ఈ వేళాకోళం పాతదే. అందులో సరదా ఎంతో, కసి ఎంతో ఇద్దరికీ తెలుసు.

గిరియప్ప బల్లల చుట్టూ తిరిగాడు. స్టేషను, వంతెన, మూలన షెడ్డు. షెడ్డు దారి పెద్ద లైనులో కలిసే చోట మెయిలు ఇంజను గూడ్సు నడుములో తల దూర్చి పక్కకు ఒరిగి ఉంది. ఆ బల్ల పక్కనే గోపాలప్ప పడి ఉన్న చోట సుద్దగీత ఉంది. ఆయన దిమ్మెలా వాడుకునే అసలు రైలు పట్టా ముక్కతోనే ఆయన్ని కొట్టారు. అది పోలీసుల దగ్గరుంది. పెనుగులాటలో చెయ్యి తగిలి ఈ బండ్లు పడిపోయాయని వెంకటరమణ లెక్క.

నడిపే పెట్టె ఏదని గిరియప్ప అడిగాడు. సుశీల చూపించింది. చెక్క పెట్టె, దాని మీద పాత క్యాలిక్యులేటర్ నుంచి తీసి బిగించిన మీటలు. గోడ నుంచి వచ్చే వైరు ఊడి కింద వేలాడుతోంది. ఆమె దాన్ని మళ్ళీ తగిలించి, పడ్డ బండ్లను పట్టాల మీదికి ఎక్కించి, మెయిలును షెడ్డులోకి నెట్టి, గూడ్సును స్టేషన్లో పెట్టింది.  ఈ బోర్డులకు టంకం పెట్టడం తండ్రి ఆమెకూ నేర్పాడు.

గూడ్సు ఇంజను వెనక బొగ్గు పెట్టె మూత తీసి, లోపల అగ్గిపెట్టె అంత బోర్డు చూపించింది.

“దీన్ని డీకోడరు అంటారు సార్. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటాది. ఈ పెట్టె ఆ కరెంటులోనే మాట కలిపి పంపిస్తాది. మూడో నంబరు, మెల్లగా పో. ఐదో నంబరు, నిలువు. మాట అన్ని ఇంజన్లకూ పోతాది. ఎవరి నంబరు పిలిస్తే వాళ్ళే కదులుతారు.”

బళ్ళో హాజరు పిలిచినట్టన్నమాట, అనుకున్నాడు గిరియప్ప. నంబరు పెట్టేది బోర్డు మీది గోరంత స్విచ్చులతో. పక్కనే రెండు చిన్న స్క్రూలు. ఒకటి ఇంజను ఎంత కరెంటుకు మొదట కదలాలో చెప్పేది, రెండోది ఎంత వేగం దాటకూడదో చెప్పేది. గూడ్సు ఒక్కసారిగా దూకకుండా, బరువు లాగుతున్నట్టు ఈడ్చుకుంటూ కదలాలని గోపాలప్ప ఆ మొదటి స్క్రూను వారాల తరబడి తిప్పుతూ కూర్చున్నాడట. ఆ సంగతి చెప్తూ సుశీల కళ్ళు మొదటిసారి తడి అయ్యాయి.

ఆమె మీటలు నొక్కింది. ఐదు, తరవాత రెండు. గూడ్సు చీమలా కదిలింది. మెయిలు షెడ్డులో కిక్కురుమనలేదు. గూడ్సు షెడ్డు దారి దాటి దూరం పోయాక మూడు నొక్కి వేగం అంకె నొక్కింది. మెయిలు హుషారుగా బయటికి వచ్చింది. ఒకే పట్టాల మీద రెండూ, దేని నడక దానిదే.

ఇప్పుడు రెండూ ఒకేతూరి తోలతా, చూడు. పాపక్క చెప్పిన మాట గిరియప్ప చెవిలో గింగురుమంది. వంగిన నడుము తనకు తెలియకుండానే నిటారుగా అయింది.

“చూశారుగా,” అన్నాడు వెంకటరమణ. “ఈ యంత్రం నడపడం తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ముగ్గురే. ఒకాయన పోయాడు. ఈవిడ ఆ సాయంత్రం బ్యాంకులో ఉంది. ఇంక మిగిలిందెవరు? మెయిలు తిరుగుతుండగా మామను కొట్టాడు. గూడ్సు దానంతటది నడిచేలా ఏర్పాటు చేసి, కింద ముసలావిడకు పోయొస్తానని చెప్పి దర్జాగా వెళ్ళాడు. పైన బండి చప్పుడు వినబడుతుంటే మామ బతికే ఉన్నాడని ఆవిడ అనుకుంటుంది.”

సుశీల గోడకు ఆనుకుంది. ఈ విద్య నేర్చుకున్నందుకే తన భర్త మెడకు ఉచ్చు పడుతోందని ఆమెకు అప్పుడే అర్థమైనట్టుంది.

గిరియప్ప ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చుంటే బల్ల కింద రెక్సిన్ సంచి కనబడింది. అందులో నల్లటి ఇనప డబ్బా, ముందు వైపు పెద్ద నాబు. డీకోడర్లు రాక పూర్వం వాడిన ట్రాన్స్‌ఫార్మర్ అంది సుశీల. నాబు ఎంత తిప్పితే పట్టాల్లోకి అంత కరెంటు, ఇంజనుకు అంత వేగం. ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టరు.

“మీ నాయన దాన్ని ఇట్ల పెట్టేవాడా?” అన్నాడు గిరియప్ప. నాబు గీత కుడివైపు చివరిదాకా తిరిగి ఉంది.

ఆమె దగ్గరికి వచ్చి చూసింది. “లేదు సార్. సున్నాకు తేకుండా నాయన దాన్ని ఎప్పుడూ పక్కన పెట్టలేదు. అట్ల పెడితే మమ్మల్ని తిట్టేవాడు.”

గిరియప్ప మోకాళ్ళ మీద వంగి బల్ల అంచు వెతికాడు. షెడ్డు దగ్గర పట్టాలకు వైరు తగిలించే రెండు ఇత్తడి మరలు నల్లబడి ఉన్నాయి. వాటి తలల మీద మాత్రం గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. ఆయన వెంకటరమణను పిలిచి చూపించాడు. బండ్లను మళ్ళీ మొదటి చోట్లకే చేర్చమని, చెక్క పెట్టె వైరు తీసేయమని, ఈ డబ్బా వైర్లు ఆ మరలకు బిగించమని సుశీలకు చెప్పాడు. తరవాత నాబు మెల్లగా తిప్పబోయి, ఆగి, ఒక్కసారిగా చివరిదాకా తిప్పేశాడు.

రెండు బండ్లూ ఒకేసారి లేచాయి. గూడ్సు దాని జన్మలో ఎరగని వేగంతో స్టేషను దాటింది. షెడ్డులోని మెయిలు కూడా విల్లు విడిచిన బాణంలా బయటికి వచ్చి, దారులు కలిసే చోట గూడ్సు నడుములో గుద్దుకుంది. దబ్బుమని చప్పుడైంది. పడ్డ చోటు మంగళవారం పడ్డ చోటే.

 కింద ఎక్కడో కారు స్టార్టయిన చప్పుడు వినబడి, సందు మలుపులో కలిసిపోయింది.

“నంబరు లేని ఉత్త కరెంటు వస్తే డీకోడరు దాన్ని అడ్డుకోదు సార్, అంతా మోటారుకు వదిలేస్తాది,” అంది సుశీల. “ఎప్పుడన్నా ఇంకొకరి ఇంట్లో పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద కూడా మా బండ్లు నడవాలని నాయనే అట్ల చేసినాడు. పాతకాలంలో షెడ్డు లైనుకు వేరే స్విచ్చి ఉండేది. అది ఆపేస్తే లోపల ఇంజను కదలదు. డీకోడర్లు వచ్చినాక ఆ స్విచ్చి తీసేసినాడు. ఇప్పుడు పట్టాలన్నిట్లో కరెంటు ఉంటాది.”

“విన్నారు కదా సార్,” అన్నాడు గిరియప్ప. “మంగళవారం ఈ డబ్బా తగిలించినవాడికి ఒక్క గూడ్సే కదులుతాదని నమ్మకం. షెడ్డులో ఉండేది నిద్రపోతా ఉంటాదని నమ్మకం. అది తెలిసినవాడు చేసే పనా? నాగరాజు ఈ బోర్డును పుట్టించినవాళ్ళలో ఒకడు.”

వెంకటరమణ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. మనల్ని తప్పుదారి పట్టించాలని కావాలనే అలా చేసి ఉండొచ్చు అన్నాడు. గిరియప్ప పోలీసుల ఫోటో అడిగాడు. ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి తీసి ఇచ్చాడు. చెక్క పెట్టె వైరు గోపాలప్ప మోచేతి కింద నలిగి ఉంది. పడేటప్పుడే ఆయన చేతికి చుట్టుకుని ఊడింది. అంటే ఆయన పడ్డాక ఆ పెట్టెతో ఏ బండీ నడవలేదు. బండి ఆగిపోయిందని, కాసేపటికి జోరుగా పోయిందని పాపక్క చెప్పింది దీని గురించే. చప్పుడు లేకపోతే కిందావిడ అనుమానపడుతుందని ఎవడో కంగారుపడ్డాడు. ఈ మీటల పెట్టె వాడికి అయోమయం. పాత డబ్బా వెతికి తగిలించాడు, బండ్లు గుద్దుకోగానే వైర్లు పీకి మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

“అయినా సరే,” అన్నాడు వెంకటరమణ. ఈసారి గొంతు కొంచెం పెరిగింది. “ఆ పాపక్క మాటే నాకు ఆధారం. ముందర బండి తిరిగేటప్పుడు అన్న మాట్లాడాడు, ఆ తరవాత మాట లేదు అంది. నేనే తెలుగులో విన్నాను, నేనే కన్నడంలో ‘హిందిన గాడి’ అని రాశాను. వెనకటి బండి. అంటే మెయిలు. మెయిలు తిరిగేటప్పుడు ఇక్కడ ఉన్నది నాగరాజు. గూడ్సు తిరిగేటప్పుడు గోపాలప్ప గొంతు లేదు. ఇంకేం కావాలి మీకు?”

 ఎక్కడో ఏదో తేడా ఉంది, అదేమిటో గిరియప్ప చేతికి చిక్కడం లేదు.

“ఆ మాటకొస్తే ముసలావిడకు మతి కూడా సరిగా లేదు,” అని వెంకటరమణ విసుగ్గా చెప్పుకుపోయాడు. “పదకొండో రోజు ఎప్పుడమ్మా అని అడిగితే ముందర శుక్రవారం అంటుంది. మంగళవారం పోయిన మనిషికి ముందు శుక్రవారం కర్మ ఎలా చేస్తారండీ? అప్పటికాయన బతికే ఉన్నాడు కదా.”

గిరియప్ప ఆ కుర్చీలోనే వెనక్కి వాలిపోయాడు. నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు పోయింది. ఒక మనిషిని లాకప్పులో వేసింది ఈ ఒక్క మాట. ఇందాకటి నుంచీ తనకు అంతుపట్టనిదీ ఈ మాటే.

“సార్, కన్నడంలో ‘ముందిన వార’ అంటే ఏమని అర్థం?”

“వచ్చే వారం.”

“‘ముందిన బస్సు’ అంటే?”

“తరవాత బస్సు. దానికేం?”

“పాపక్క ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో ముసలిదయింది. ఆవిడ తెలుగు కూడా ఈ ఊరిదే. మీ ఇంట్లో ముందర అంటే అయిపోయింది. మా ఇండ్లల్లో ముందర అంటే రావాల్సింది. ఆవిడ చెప్పిన శుక్రవారం వచ్చే వారంలోది. లెక్కపెట్టండి, మంగళవారం పోయిన మనిషికి ఆ రోజుకే పదకొండు. ఆవిడ చెప్పిన బండి కూడా అంతే. మెయిలు కాదు, దాని తరవాత బండి. గూడ్సు.”

వెంకటరమణ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. చిటికెన వేలి దగ్గర ఆగిపోయాడు. ఆవిడ అదే మాట కన్నడంలో చెప్పి ఉంటే ఈయన ఒక్క అక్షరం తప్పు రాసేవాడు కాదు. తెలుగు చెవితో విన్నందుకే మోసపోయాడు.

“నాగరాజు పోయినాక కూడా నాయన మాట్లాడినాడా?” అంది సుశీల.  గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

గిరియప్ప ఆమెను ఏడవనిచ్చాడు. ఇన్‌స్పెక్టరుకు మాత్రం పాపక్క విన్న మాట చెప్పాడు. ‘ఒకటొకటే కాదు, ఇప్పుడు రెండూ ఒకేతూరి తోలతా, చూడు.’ ఆ మాట గోపాలప్ప అల్లుడితో ఎందుకంటాడు? రెండూ ఒకేసారి నడవడం అల్లుడికి రోజూ చూసేదే. ఆయన ఈ గొప్ప చూపించుకున్నది ఇదివరకు ఈ గదికి అలవాటుండి, మధ్యలో రావడం మానేసి, ఈ కొత్త పెట్టెను ఎన్నడూ చూడనివాడికి. రైళ్ళంటే ఇంకా ఒకే నాబు, ఒకే బండి అనుకునేవాడికి.

అక్కడికొచ్చేసరికి ఆయన మాట ఆగిపోయింది. నాబు. ఈ గదిలో వాడుకలో ఉన్న పెట్టెకు నాబే లేదు. అరుగు మీద తెల్ల చొక్కా మనిషి, నాబు తిప్పి వదిలేసి పోయింటాడని ఎంత తేలిగ్గా అన్నాడు. రెండేండ్లాయ ఎక్కి అని కూడా ఆయనే చెప్పుకున్నాడు. తను తలూపి, మోకాళ్ళ బాధ చూసుకుంటూ మెట్లెక్కి వచ్చేశాడు. పాపక్కను తీసుకుపోతానంటే మంచిదేనని కూడా అన్నాడు.

“సార్, పాపక్కను సర్జాపురకు తీసుకుపొమ్మని కృష్ణప్పకు చెప్పింది మీరేనా?”

“అవును, పాపం ముసలావిడ ఒక్కతే ఉందని.” వెంకటరమణ సగంలో ఆపేశాడు.  “స్టేట్‌మెంటులో ఆవిడ ఏం చెప్పిందని కూడా అడిగాడు. చెప్పాను. ఇంకా ఏమైనా విందేమో నిదానంగా అడిగి కనుక్కుంటానన్నాడు.”

 గిరియప్ప మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. వంటింట్లో పీట ఖాళీగా ఉంది. అన్నం మీద మూత అలాగే ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. పైన బండ్లు గుద్దుకున్నప్పుడు వినబడ్డ కారు చప్పుడు ఇప్పుడు ఆయన చెవిలో మళ్ళీ మోగింది.

సందు మొగలో సొన్నప్ప చొక్కా మడత పెడుతున్నాడు. కృష్ణప్ప కారు ఎంతసేపైందని వెంకటరమణ రొప్పుతూ అడిగాడు. ఇందాకే పోయిందని, పాపక్కను తనే చెయ్యి పట్టుకుని కార్లో కూర్చోబెట్టానని చెప్పాడు సొన్నప్ప. పెద్దావిడ పోనని మొదట మొరాయించిందట. తరవాత సరే అందట. ఇంతలో వెంకటరమణ జీపు కోసం కేక పెడుతూ సందు మలుపు వైపు పరుగెత్తాడు.

“కార్లో ఏమన్నా మాట్లాడుకున్నారా?” అన్నాడు గిరియప్ప.

సొన్నప్ప ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. “పోదామా కృష్ణప్పా అనింది పెద్దమ్మ. ఆయన హూఁ అన్న్యాడు. అది విని ఆయమ్మ తల తిప్పింది సామీ. ఏమి కృష్ణప్పా, మంగళారం మా మిద్దె మీద హూఁ అనింది నువ్వేనా, మరి కిందికి వచ్చి నన్ను పలకరించకుండానే ఎందుకు పోతివి అని అడిగింది.”

“ఆయన ఏమన్నాడు?”

“ఏమీ అన్లేదు సామీ. ఆయమ్మ పక్క అద్దం పైకెత్తి, డోరు లాకు వేసి, బండి తీసేసినాడు.”